పీక పట్టుకున్నాడు అంటే ఆ రాత్రే ఏం చేయాలి

మా పక్క పోర్షన్‌లో ఉండే అమ్మాయి ఒక రోజు పొద్దున్నే పెరుగు తోడుకి వచ్చింది. గొంతు బొంగురుగా ఉంది. జలుబు చేసిందా అంటే అవునంది. మిరియాల పాలు కాచి ఇచ్చాను. రెండు గుక్కలు మింగి, ఇక మింగలేక గ్లాసు గట్టు మీద పెట్టేసింది. మెడ చుట్టూ చున్నీ రెండు చుట్లు చుట్టుకుని ఉంది, చెన్నైలో, నడి మే నెలలో. అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. నాకు తట్టలేదు. నాలుగు నెలల తర్వాత తనే చెప్పింది: "ఆయన కోపంలో పీక పట్టుకున్నాడక్కా, అంతే."

ఆ "అంతే" అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. చెంప మీద కొడితే ఏడ్చే మనిషి, గొంతు నులిమితే "అంతే" అంటుంది. ఎందుకంటే రక్తం రాలేదు, వాపు లేదు, పొద్దునకి లేచి వంట చేసింది. తెలుగు వాళ్లం ఈ ఊళ్లో పెరంబూరులో ఉన్నా, కొరుక్కుపేటలో ఉన్నా, ఓఎంఆర్ అపార్ట్‌మెంట్లలో ఉన్నా ఈ విషయంలో ఒకేలా పొరబడుతున్నాం. మీకు జరిగినా, మీ చెల్లికో పక్కింటి అమ్మాయికో జరిగిందని తెలిసినా ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు మాట సరిగ్గా అనండి

పీక పట్టుకున్నాడు. మెడ పట్టి గోడకి అదిమాడు. చున్నీ పట్టి లాగాడు. పుస్తెల తాడు మెలేశాడు. మీద కూర్చుని గొంతు మీద మోచెయ్యి పెట్టాడు. మన ఇళ్లలో వినపడే మాటలు ఇవి. ఇవన్నీ ఒక్కటే పని: గొంతు నులమడం. ఎంతసేపు అన్నది, తర్వాత వదిలేశాడా అన్నది, సారీ చెప్పాడా అన్నది ఆ పేరుని మార్చవు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ మాట మీద నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో అర్థమవుతుంది. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు మెడకి రెండు పక్కలా చర్మానికి దగ్గరగానే ఉంటాయి. గాలిగొట్టం మూసుకుపోవడానికి ఎంత బలం కావాలో అందులో మూడో వంతు చాలు, ఆ నాళాలు మూసుకుపోతాయి. మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే సిరలకైతే ఇంకా తక్కువ చాలు. పది సెకన్ల లోపే స్పృహ పోవచ్చు. అలాగే పట్టి ఉంచితే కొన్ని నిమిషాల్లో ప్రాణం పోతుంది. కాబట్టి "ఊపిరి ఆడుతూనే ఉంది, అరవగలిగాను కూడా, అంటే గట్టిగా నొక్కలేదేమో" అనుకోకండి. ఊపిరి ఆడుతుండగానే మెదడుకి రక్తం ఆగిపోయి ఉండవచ్చు.

ఇంకో సంగతి కూడా తెలియాలి. ఒకసారి భర్త చేతిలోనో, కలిసి ఉండే మనిషి చేతిలోనో గొంతు నులిమించుకున్న స్త్రీ, తర్వాత అదే మనిషి చేతిలో హత్యకు గురయ్యే ప్రమాదం ఏడు రెట్లకు పైగా ఎక్కువని 2008లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. "ఈసారికి సర్దుకుపోదాం" అనే ముందు ఇది తెలిసి ఉండాలని చెబుతున్నాను.

మచ్చ కోసం వెతికి ఆగిపోకండి

శాన్ డియేగోలో పోలీసుల దాకా వచ్చిన 300 గొంతు నులిమిన కేసులను పరిశీలించి 2001లో ప్రచురించారు. వాటిలో సగం మందికి పైకి ఏ గాయమూ లేదు. ఉన్నవాళ్లలో కూడా చాలామందికి ఫొటోలో పడనంత చిన్నవే. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎర్రదనం ఇంకా తక్కువ కనిపిస్తుంది. మెడ మీద ఏమీ లేదు కాబట్టి ఏమీ జరగలేదనే లెక్క తప్పు.

మొదట గొంతు వినండి. బొంగురుపోయిందా, గుసగుసలా వస్తోందా, మాట మధ్యలో ఆగుతోందా? నీళ్లు మింగితే నొప్పి ఉందా, పొలమారుతోందా? కింది కనురెప్ప కొంచెం కిందికి లాగి వెలుతురులో చూడండి. సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న ఎర్ర చుక్కలు ఉండవచ్చు. పెదవి లోపల, అంగిట్లో, చెవుల వెనక, జుట్టు పాయ తీసి మాడు మీద కూడా చూడాలి. కంటి తెల్లగుడ్డులో రక్తం చేరి ఉండవచ్చు. మెడ మీద, గడ్డం కింద గోళ్ల గీతలుంటే అవి చాలాసార్లు ఆమె గోళ్లవే, ఆ చేతుల్ని లాక్కోవడానికి పెనుగులాడినప్పుడు పడినవి. ఆ పెనుగులాటలోనే అతని చేతుల మీద గీతలో, పంటి గాట్లో పడి ఉంటాయి. వాటిని చూపించి "తనే నన్ను కొట్టింది" అనే మగవాళ్లు ఉన్నారు. ఈ సంగతి పోలీసుల దగ్గర గుర్తుంచుకోండి.

బట్టల్లో మూత్రం పోవడం అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు. సిగ్గుతో ఎవరూ చెప్పరు. నేలంతా తడిసింది, తనే తుడుచుకుంది, ఆ మాట మటుకు దాచుకుంది. స్పృహ తప్పినప్పుడు అలా జరుగుతుంది, దానిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కొంత సమయం గుర్తు లేకపోవడం కూడా అలాంటిదే. "మంచం దగ్గర గొడవ పడ్డాం, తర్వాత చూస్తే వంటింట్లో కింద ఉన్నాను" అంటే మధ్యలో స్పృహ పోయిందన్నమాట. మెదడుకి ఆక్సిజన్ అందని మనిషి మాట కాసేపు ముందువెనకలవుతుంది, తిక్కగా అరుస్తుంది, వాంతి చేసుకుంటుంది. దయచేసి "ఇందాక ఒకటన్నావు, ఇప్పుడు ఇంకోటంటున్నావు" అని ఎవరూ గద్దించకండి.

అడిగే తీరు కూడా చెబుతాను. "కొట్టాడా?" అంటే లేదనే చెబుతుంది, అది అబద్ధం కూడా కాదు. అత్తగారు, పిల్లలు లేకుండా, ఆయన ఫోన్‌లో వినకుండా, బట్టలు ఆరేసే చోటో, మెట్ల మీదో ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి: "మెడ మీద ఎప్పుడైనా చెయ్యి వేశాడా? కళ్లు చీకట్లు కమ్మాయా? మింగుతుంటే నొప్పిగా ఉందా?" ఇలా అడిగి చాలాసేపు ఊరుకోండి. నేను ఆ పొద్దున ఈ మూడు మాటలు అడిగి ఉంటే బాగుండేది.

ఆ గంటలో

ఇంకా ఇంట్లో గొడవ జరుగుతుంటే 112. స్పృహ లేకపోయినా, ఊపిరి కష్టంగా ఉన్నా, మాట ముద్దగా వచ్చినా 108. ఆపదలో ఉన్న మనిషి తనే మాట్లాడలేకపోతే పక్కింటివాళ్లు చేసినా చాలు.

ఊపిరి తీసుకోకపోతే వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. ఊపిరి ఉండి స్పృహ లేకపోతే మెడ మెలి తిరగకుండా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. స్పృహలో ఉంటే వెనక్కి ఆనించి కూర్చోబెట్టండి. మింగడం కష్టంగా ఉంటే నీళ్లు, కాఫీ, మాత్రలు ఏవీ వద్దు.

మెడ మర్దన అసలు చేయకండి. మన ఇళ్లలో మెడ నొప్పి అనగానే నువ్వుల నూనె, బామ్, వేడి కాపడం. మెడ పట్టి విరిచే వాళ్లు కూడా ఉంటారు. అతను గొంతు నొక్కినప్పుడు రక్తనాళం లోపలి పొర చిరిగి ఉండవచ్చు, అక్కడ రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. ఆ గడ్డ కదిలి మెదడుకి చేరితే పక్షవాతం వస్తుంది, ప్రాణమూ పోవచ్చు. ఇది ఆ రోజే రావాలని లేదు. రెండు రోజులకి, వారానికి, కొన్ని వారాలకి కూడా వస్తుంది. ముప్పై ఏళ్ల మనిషికి ఉన్నట్టుండి మూతి వంకర పోతే, పది రోజుల కింద గొంతు నులిమిన సంగతి ఎవరికీ గుర్తు రాదు. అందుకే పైకి బాగానే ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి.

ఆస్పత్రిలో

పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా జీహెచ్, ఉత్తరం వైపు వాళ్లకి స్టాన్లీ, కాకపోతే కీల్పాక్, రాయపేట. ప్రైవేటు ఆస్పత్రి దగ్గరగా ఉంటే అక్కడికే వెళ్లండి. "పోలీస్ కేసు, మేం చూడం" అంటే, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేయాలి, పోలీసు లాంఛనాల కోసం ఆపకూడదని సుప్రీం కోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పిందని గుర్తు చేయండి. అది ప్రభుత్వ డాక్టరుకీ ప్రైవేటు డాక్టరుకీ ఒకటే.

అక్కడ "గొంతు నొప్పి" అనకండి. అంటే టార్చి వేసి చూసి మాత్రలు రాసి పంపేస్తారు. "కింద పడ్డాను" అని అసలే అనకండి, ఆ మాట కాగితం మీద ఎక్కితే తర్వాత చెరపడం చాలా కష్టం. తమిళం రాకపోతే ఈ నాలుగు మాటలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. కళుత్తై నెరిచ్చారు: గొంతు నులిమాడు. మూచ్చు విడ ముడియలె: ఊపిరి ఆడలేదు. మయక్కం వందుదు: స్పృహ తప్పింది. విళుంగ ముడియలె: మింగలేకపోతున్నాను. మనవాళ్లు చాలామంది ఇక్కడ బడికెళ్లే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తారు, తమిళం వాళ్లకే బాగా వచ్చు కాబట్టి. ఈ పనికి పిల్లల్ని తీసుకెళ్లకండి. అమ్మ గొంతు నాన్న నులిమాడని వాడి నోటితో డాక్టరుకి చెప్పించకూడదు. పక్కింటి ఆవిడని బతిమాలి తీసుకెళ్లండి.

డాక్టరుకి ఇవన్నీ విడివిడిగా చెప్పండి: ఒక చేత్తోనా రెండు చేతులతోనా, మోచేయా, గుడ్డా. ముందు నుంచా వెనక నుంచా. ఎన్నిసార్లు. స్పృహ పోయిందా. చూపు మసకబారిందా, చెవుల్లో హోరు వచ్చిందా. మూత్రం పోయిందా. గొంతు మారిందా. గర్భవతి అయితే అది మొట్టమొదట చెప్పాలి, ఎందుకంటే కడుపులో బిడ్డకి కూడా ఆక్సిజన్ తగ్గి ఉంటుంది, గర్భం నిలవకపోవచ్చు. స్పృహ తప్పి ఉంటే, చూపులో, మాటలో, గొంతులో మార్పు ఉంటే, మెడ మీద కమిలి ఉంటే "మెడ రక్తనాళాలకి సీటీ యాంజియోగ్రామ్ అవసరమా డాక్టర్?" అని అడగండి. మామూలు ఎక్స్‌రేలో నాళం చిరగడం కనపడదు.

తమిళనాడులో ఇలాంటి గాయాల్ని యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాస్తారు. ఏఆర్ కాపీ అంటారు. పేరులో యాక్సిడెంట్ అని ఉందని కంగారు పడకండి, దెబ్బలన్నీ అందులోనే రాస్తారు. ఎవరు చేశారు, మెడ మీద ఏం చేశారు అన్నది అందులో పడిందో లేదో చదివించుకుని, కాపీ అడగండి. తర్వాత కోర్టులో ఎక్కువ బలం ఆ ఒక్క కాగితానిదే.

చాలామంది పుట్టింటివాళ్లు చేసే పని ఏమిటంటే, ఫోన్ రాగానే "నువ్వు బయలుదేరి వచ్చెయ్ తల్లీ" అని రాత్రికి రాత్రే నెల్లూరికో గూడూరుకో ఒంగోలుకో రైలెక్కిస్తారు. ప్రేమతోనే. కానీ డాక్టరు చూడకుండా ఆ ప్రయాణం వద్దు. పైగా ఆమె సెంట్రల్‌కే వస్తుందని అతనికి తెలుసు.

గుర్తులు నిలవవు, ఆ రోజే పట్టుకోండి

మెడ ఫొటోలు ముందు నుంచి, రెండు పక్కల నుంచి, వెనక నుంచి తీయండి. కనురెప్పలు, చెవుల వెనక, చేతులు కూడా. ఏమీ కనపడకపోయినా తీయండి. కమిలిన మచ్చ రెండో రోజు, మూడో రోజు తేలుతుంది, కాబట్టి మూడు రోజులూ తీయాలి. మొదటి రోజు ఆమె గొంతుని ఒక నిమిషం రికార్డు చేయండి, పేరు, తేదీ చెప్పమనండి చాలు. వారం తర్వాత మళ్లీ రికార్డు చేస్తే తేడా ఎవరికైనా వినపడుతుంది. తడిసిన బట్టలు, చున్నీ, తెగిన గొలుసు ఉతక్కుండా కాగితం కవర్లో దాచండి. "సారీ, ఇంకెప్పుడూ గొంతు మీద చెయ్యి వేయను" అని అతను పంపే మెసేజ్ డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్‌తో పాటు అసలు ఫోన్ కూడా అవసరమవుతుంది. ఇవన్నీ మీరు నమ్మే ఒకరికి పంపి, మీ ఫోన్‌లోంచి తీసేయాల్సి వస్తే అప్పుడు తీసేయండి. మీ ఫోన్ అతని చేతికి వెళ్తుందని తెలిస్తే ఫొటోలు ముందే ఇంకొకరి ఫోన్‌లో తీయించుకోవడం మంచిది.

పోలీస్ స్టేషన్‌లో

మగళిర్ స్టేషన్లు, అంటే మహిళా పోలీస్ స్టేషన్లు, తమిళనాడులో 1992 నుంచి ఉన్నాయి, మొదటిది ఇక్కడే థౌజండ్ లైట్స్‌లో పెట్టారు. అక్కడికి వెళ్లవచ్చు, మీ ఏరియా స్టేషన్‌కీ వెళ్లవచ్చు. ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేసి పంపుతామంటే, "ఇది కౌన్సెలింగ్ విషయం కాదు, ప్రాణం మీదికి వచ్చింది" అని నెమ్మదిగా, గట్టిగా చెప్పండి.

ఇక్కడ కూడా మాటే ముఖ్యం. గొంతు నులమడానికని మన చట్టంలో విడిగా ఒక నేరం లేదు. ఫిర్యాదులో "గొడవలో కొట్టాడు" అని రాస్తే భారతీయ న్యాయ సంహిత 115 కింద మామూలు దెబ్బ అవుతుంది, అది కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని కేసు. "రెండు చేతులతో గొంతు నులిమాడు, చంపేస్తానన్నాడు, స్పృహ తప్పింది" అని జరిగింది జరిగినట్టు రాస్తే సెక్షన్ 109, హత్యాయత్నం దాకా వెళ్లే అవకాశం ఉంది. ఆ సెక్షన్‌కి పైకి కనపడే గాయం ఉండి తీరాలని లేదు. చంపాలనే ఉద్దేశం, లేదా ప్రాణం పోతుందని తెలిసి చేయడం చూస్తారు. అందుకే నొక్కుతున్నప్పుడు అతను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. లేనిది ఒక్క ముక్క కూడా కలపకండి. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వానికి సెక్షన్ 85 వేరే ఉంది, పాత 498ఏ అదే.

మీరు తెలుగులో చెబితే వాళ్లు తమిళంలో రాసుకుంటారు. సంతకం పెట్టే ముందు తమిళం, తెలుగు రెండూ వచ్చినవాళ్ల చేత చదివించుకుని, "కళుత్తు" అన్న మాట అందులో ఉందో లేదో చూడండి. సీఎస్ఆర్ రసీదు చేతిలో పెడితే అది ఎఫ్ఐఆర్ కాదు, ఫిర్యాదు అందిందన్న చీటీ మాత్రమే. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయనంటే పై అధికారికి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. ఇప్పటికే ఊరికి వెళ్లిపోయి ఉంటే అక్కడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్ఐఆర్, పెట్టవచ్చు. పుట్టింట్లో తలదాచుకున్న చోటు నుంచి క్రూరత్వం కేసు పెట్టవచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీం కోర్టు తేల్చింది.

పోలీసుల దగ్గరికి వెళ్లే ధైర్యం ఇంకా రాకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయండి. సఖి వన్ స్టాప్ సెంటర్‌లో కొద్ది రోజులు ఉండే చోటు, వైద్యం, లాయరు సాయం ఒకే దగ్గర దొరుకుతాయి. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్లకి 15100, స్త్రీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. 2005 నాటి గృహహింస చట్టం కింద అతను దగ్గరికి రాకుండా రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పిల్లల్ని తాత్కాలికంగా మీ దగ్గర ఉంచుకోవడం అడగవచ్చు. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవాళ్లకి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. ఉత్తర్వుని అతను మీరితే ఏడాది దాకా జైలు ఉంది.

వెళ్లిపోవాలనుకుంటే

వెళ్తున్నానని అతనికి చెప్పకండి. విడిచి వెళ్లే సమయమే అన్నిటికన్నా ప్రమాదమైన సమయం. ఆధార్, పాస్‌పోర్టు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు, ఏఆర్ కాపీ, రోజూ వేసుకునే మందులు, కొంచెం డబ్బు ముందే నమ్మకమైన ఇంట్లో పెట్టండి. ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ ఆపండి, మీ గూగుల్ అకౌంట్ అతని ఫోన్‌లో కూడా తెరిచి ఉందేమో చూడండి. అయితే ఇంట్లో ఉండగానే ఆపితే అతనికి అనుమానం వస్తుంది, బయట అడుగు పెట్టాక ఆపండి.

పెద్దవాళ్లకి ఒక విన్నపం. ఆ వారంలో పెద్దమనుషుల పంచాయితీ పెట్టకండి. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి "ఏం జరిగిందో చెప్పమ్మా" అంటే, తన గొంతు నులిమిన మనిషి ఎదురుగా ఏ ఆడపిల్లా చెప్పలేదు. "అల్లుడు కాళ్లు పట్టుకున్నాడు" అని అదే రాత్రి వెనక్కి పంపించడం మరీ ఘోరం.

తర్వాతి వారాలు

ఆస్పత్రి నుంచి పంపేశాక మొదటి రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. ఆ తర్వాత కూడా ఒక పక్కనే వచ్చే తలనొప్పి, మెడ వాపు, మూతి వంకర, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడడం, కళ్లు మసకబారడం, ఊపిరి బరువవడం, గర్భవతికి రక్తస్రావం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మళ్లీ 108. వెళ్లగానే "ఫలానా రోజు గొంతు నులిమారు" అని చెప్పండి, పాత కాగితం చూపించండి. పక్షవాతానికి మొదటి నాలుగున్నర గంటల్లో ఇవ్వగలిగే మందులు ఉన్నాయి, పొద్దున చూద్దాంలే అనుకుంటే ఆ సమయం దాటిపోతుంది.

ఆమె వేరే ఇంట్లో ఉంటే కొన్ని వారాల పాటు రోజూ ఫోన్ చేయండి. మెసేజ్ చేసి ఊరుకోకండి, మాట్లాడించండి. తిన్నావా, మింగుడు పడుతోందా, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతూ గొంతు ఎలా ఉందో వినండి.